విజయనగరంలో ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండు పెట్టి పదేళ్లు నడపడం ఎలా

గిటారు ఎలా కొనాలి, ఎలా నేర్చుకోవాలి అన్న సంగతులు ఇందులో ఉండవు. నలుగురు కలిసి సొంత పాటలు కట్టుకొని, వాటిని వేదిక మీద వాయించి, రికార్డు చేసి, ఆ పనిలో కనీసం పదేళ్లు నిలబడాలంటే విజయనగరం, శ్రీకాకుళం వంటి ఊళ్లలో ఏమేమి చేసుకోవాలో, ఏది ముందు చేసుకోవాలో చెప్పడమే ఉద్దేశం. మా బ్యాండు ఆరేళ్లు నడిచి ఆగిపోయింది. పాటలు లేక ఆగలేదు, వినేవాళ్లు లేకా ఆగలేదు. మొదటి నెలలోనే కాగితం మీద పెట్టుకోవలసిన కొన్ని మాటలు పెట్టుకోకపోవడం వల్ల ఆగింది. అందుచేత సంగీతం కంటే ముందు కాగితం గురించి రాస్తున్నాను. విసుగనిపించినా ఆ భాగాన్ని దాటేయవద్దు.

ఆల్టర్నేటివ్ రాక్ అన్న పేరు 1980లలో అమెరికాలో స్థిరపడింది. పెద్ద రేడియో స్టేషన్లు పట్టించుకోని పాటలను అక్కడి కాలేజీ రేడియోలు వేసేవి. ఆ పాటలు కట్టిన బ్యాండ్లలో చాలా భాగం చిన్న కంపెనీల ద్వారా రికార్డులు విడుదల చేసుకొని, వ్యాన్లలో ఊరూరా తిరిగి శ్రోతలను సంపాదించుకున్నవే. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో 1980లో మొదలైన ఆర్.ఈ.ఎమ్. గానీ, వాషింగ్టన్ రాష్ట్రంలో కలప వ్యాపారం మీద బతికిన అబర్దీన్‌లో 1987లో మొదలైన నిర్వాణ గానీ మహానగరాల్లో పుట్టినవి కావు. ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, మన దగ్గర ఎవరిని అడిగినా ముందు వచ్చే సలహా హైదరాబాదు వెళ్లిపొమ్మని. మొదటి మూడేళ్లు వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం. ఇక్కడ గది అద్దె తక్కువ, విశాఖపట్నం సుమారు 60 కిలోమీటర్లే, పైగా 1919లో స్థాపించిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరిలో శ్రుతి తెలిసిన గొంతుకూ, లయ తెలిసిన చేతికీ కరువు లేదు. ఘంటసాల చదువుకున్న కళాశాల అది. డ్రమ్మరు దొరకలేదని బాధపడే కుర్రాళ్లు ఒక్కసారి మృదంగం నేర్చుకుంటున్న విద్యార్థిని అడిగి చూడాలి. డ్రమ్ముల పెడల్ మీద కాలు కలపడానికి మూడు నెలలు పట్టవచ్చు గానీ లెక్క మాత్రం తప్పదు.

ముందుగా కాగితం

నలుగురూ కుదిరిన మొదటి నెలలోనే, ఒక సాయంత్రం వాద్యాలు ముట్టుకోకుండా కూర్చొని, పాట ఎవరిది, డబ్బు ఎలా పంచుకోవాలి, సామాను ఎవరిది, ఒకరు వెళ్లిపోతే ఏం జరగాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి సంతకాలు పెట్టుకోవాలి. స్నేహితుల మధ్య సంతకాలేమిటని ఎవరో ఒకరు తప్పకుండా నవ్వుతారు. మాలో నవ్వినవాణ్ని నేనే.

పాట ఎవరిదన్న ప్రశ్న సినిమా పాట విషయంలో తేలిక, ఎందుకంటే సాహిత్యం ఒకరు రాస్తారు, బాణీ ఒకరు కడతారు. బ్యాండులో అలా ఉండదు. గాయకుడు నాలుగు పంక్తులూ ఒక బాణీ తెస్తాడు, గిటారిస్టు దాని నడక మారుస్తాడు, చివరికి జనం ఈల వేసుకుంటూ వెళ్లేది బేసిస్టు (బేస్ గిటారు వాయించేవాడు) సరదాగా వేసిన ఒక పలుకును. ఆర్.ఈ.ఎమ్.లోని నలుగురూ ఈ చిక్కును మొదట్లోనే తెంచుకొని, ఎవరు ఎంత రాసినా సరే తమ పాటల కింద నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు. 1997లో డ్రమ్మరు బిల్ బెర్రీ తప్పుకున్నా మిగతా ముగ్గురూ కొనసాగి, 2011లో తమంతట తాము ఆపేదాకా ఆ బ్యాండు నడిచింది. నిర్వాణలోనూ మొదట సమాన వాటాలే. 1991లో వచ్చిన రెండో ఆల్బమ్ ఊహించనంతగా అమ్ముడయ్యాక, వాటాలు మార్చాలని, ఆ మార్పు ఆల్బమ్ విడుదలైన నాటి నుంచే వర్తించాలని గాయకుడు, గిటారిస్టు కర్ట్ కొబేన్ పట్టుబట్టడంతో బ్యాండు విడిపోయేదాకా వెళ్లింది; చివరికి ఆయనకు 75 శాతం ఒప్పుకున్నారు. ఆ పాటల్లో అత్యధిక భాగం ఆయనవే కనుక అడగడంలో అన్యాయం లేదు. డబ్బు వచ్చాక అడగడమే చిక్కు తెచ్చింది. కాబట్టి మొదటి ఆల్బమ్ వరకూ సమానంగా పంచుకోవడం, ఆ తరువాత మళ్లీ కూర్చొని మాట్లాడుకుంటామని ఇప్పుడే రాసుకోవడం మంచిదని నేను చెబుతాను.

చట్టం సంగతి కూడా కొంత తెలిసి ఉండాలి. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమాలోనో రికార్డులోనో చేరిన పాటను వాడుకున్నందుకు వచ్చే రాయల్టీలో, పాట హక్కులు రాయించుకున్నవారితో సమానంగా వాటా పొందే హక్కు సాహిత్యకారుడికీ స్వరకర్తకీ ఉంటుంది. ఆ హక్కును వారసులకూ కాపీరైట్ సంఘానికీ తప్ప మరెవరికీ రాసివ్వడానికి వీలు లేదు. పాటల రచయితలకూ స్వరకర్తలకూ ఆ సొమ్ము వసూలు చేసిపెట్టే సంఘం ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. అందులో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు గానీ, తగవు వస్తే సాక్ష్యంగా పనికివస్తుంది.

డబ్బు విషయంలో మేము కాస్త ఆలస్యంగానైనా నేర్చుకున్న పద్ధతి ఇది: ప్రోగ్రామ్ డబ్బు చేతికి రాగానే ముందు వ్యాను, భోజనం, సౌండ్ ఖర్చులు తీసివేసి, మిగిలినదాన్ని అయిదు భాగాలు చేసి, అయిదో భాగాన్ని బ్యాండు నిధిలో వేయడం. గది అద్దె, తీగలు, డ్రమ్ముల తోళ్లు, రికార్డింగు అన్నీ ఆ నిధి నుంచే. సామాను జాబితా రాసుకునేటప్పుడు ఆంప్లిఫయరు, సింబళ్లు, మైకులు ఎవరి డబ్బుతో కొన్నవో పక్కనే రాయండి. విడిపోయిన రోజున సింబల్ స్టాండు దగ్గర జరిగే గొడవ పాట దగ్గర జరిగే గొడవ కంటే హీనంగా ఉంటుంది.

నాలుగు ప్రశ్నల్లో పట్టని సంగతి ఒకటుంది, మమ్మల్ని దెబ్బతీసింది అదే. పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే సంస్థలో ఖాతా తెరిచిన సాయంత్రం గదిలో కరెంటు లేదు, నలుగురి ఫోన్లలో ఛార్జింగు మిగిలింది మా బేసిస్టు ఫోనులో ఒక్కదానిలోనే, అందుకని అతని నంబరు ఇచ్చాం. రెండేళ్ల తరువాత అతడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లి ఆ సిమ్ మానేశాడు. ఓటీపీ మాత్రం ఆ నంబరుకే పోతూ ఉంది. ఏడు పాటల మీద వచ్చిన సొమ్మును, అది తక్కువే అయినా, పద్నాలుగు నెలలు తీసుకోలేకపోయాం. ఒక పాట పేరులో ‘వాన’ అని ఉండవలసిన చోట ‘వన’ అని పడితే దాన్ని కూడా దిద్దుకోలేకపోయాం. ఎవరు తీసుకోవాలి, ఎవరు తీసుకోనివ్వడం లేదు అన్న మాటలు అక్కడి నుంచే మొదలయ్యాయి. బ్యాండు కోసం విడిగా ఒక సిమ్, ఒక ఈమెయిలు తీసుకొని, రీఛార్జి నిధి నుంచి చేయించి, ఆ సిమ్ వేసిన పాత ఫోనును రిహార్సల్ గదిలోనే ఉంచండి. సిమ్ కాగితాల్లో పేరు ఎవరిదో ఒప్పందంలో రాసి, అతడు తప్పుకునే రోజున ఆ నంబరును ఉన్నవారి పేరుకు మార్పించాలని కూడా చేర్చండి.

గది

కోట చుట్టుపక్కలా, గంటస్తంభం దగ్గరా పాత ఇళ్ల మేడ గదులు దొరుకుతాయి గానీ డ్రమ్ములు వాయించనిచ్చే ఇల్లుగలవాళ్లు దొరకరు. మాకు దొరికింది ఒక టెంట్ హౌస్ గోదాము మీది గది. గోడలకు గోనె సంచులూ పాత పరుపులూ కడితే శబ్దం బయటికి పోదని అందరూ అనుకుంటారు, మేమూ అనుకున్నాం. అవి గదిలోపల ప్రతిధ్వనిని తగ్గిస్తాయే తప్ప బయటికి పోయే శబ్దాన్ని ఆపలేవు. దాన్ని ఆపడానికి బరువైన గోడ కావాలి, సందులు లేని తలుపు కావాలి. అది చేతకాదు కనుక చుట్టుపక్కల రాత్రిపూట ఎవరూ ఉండని గోదాములనూ మూసిన దుకాణాలనూ వెతకడమే తెలివైన పని.

వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు గంటలు చాలు. అందులో మొదటి ఇరవై నిమిషాలు డ్రమ్ములూ బేసూ మాత్రమే వాయించి, మిగతా ఇద్దరూ వినాలి. మన వైపు సముద్రపు గాలికి గిటారు తీగలు తొందరగా తుప్పుపడతాయి. వాయించిన వెంటనే పొడి గుడ్డతో తుడిచి, గిటారు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పడేస్తే కొంత కాలం కలిసివస్తుంది.

పాట

మొదటి సంవత్సరం ఇంగ్లీషు పాటలు వాయించి చేయి తిప్పుకోవడంలో తప్పు లేదు, ఆ తరువాత తెలుగులో రాయాలి. కేరళలో 2003లో మొదలైన అవియల్ మలయాళంలోనే ఆల్టర్నేటివ్ రాక్ పాడి శ్రోతలను సంపాదించుకుంది. ఢిల్లీలో 1990లో పుట్టిన ఇండియన్ ఓషన్ జానపదాన్నీ తబలానూ కలుపుకొని దేశమంతా తిరిగింది. తెలుగు రాక్‌కు పనికిరాదని అనేవాళ్లు సాధారణంగా తెలుగు మాటల్ని ఇంగ్లీషు బాణీలో కూర్చోబెట్టి చూసి అలా అంటారు. ఇంగ్లీషు పాట ఊనిక మీద నడుస్తుంది, తెలుగు పాట గురు లఘువుల మీద నడుస్తుంది. గిటారు గట్టిగా మోగుతుండగా గాయకుడు ఒక అక్షరాన్ని లాగవలసి వస్తే అది గురువై ఉండాలి. ‘పడు’ అన్న మాటను లాగితే ‘పాడు’ అవుతుంది, పల్లవి అర్థమే పాడవుతుంది. అందుకని పాట రాసేవారు ముందు బాణీలో ఎక్కడ స్వరం నిలుస్తుందో గుర్తు పెట్టుకొని, అక్కడ దీర్ఘం పడే మాట వెతుక్కోవాలి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక అరిచి నిలపడానికి ఇంగ్లీషు కంటే వీలుగానే ఉంటాయి.

లయ సంగతికి వస్తే, రాక్‌లో వాడుక నాలుగు లెక్క. మన ఊరిలో ఇంకొకటి ఉంది. గురజాడ అప్పారావు ఈ ఊరిలో ఉంటూ 1910 ప్రాంతంలో తెచ్చిన ముత్యాల సరం మిశ్రగతి ఛందస్సు. మొదటి మూడు పాదాలకు మూడు, నాలుగు, మూడు, నాలుగు చొప్పున 14 మాత్రలు. డ్రమ్మరు హైహ్యాట్ (కాలితో మూసే జంట తాళం) మీద మాత్రకో దెబ్బ వేస్తూ, ‘తకిట’ మొదట కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), ‘తకధిమి’ మొదట స్నేర్ (గరగరమని మోగే చిన్న డ్రమ్ము) వేస్తే ఏడు లెక్క రాక్ తయారు. కొన్నాళ్లకు అది కుంటినడకగా వినిపించడం మొదలవుతుంది. అప్పుడు ఇలా చేసి చూడండి: పాడేవారు మిశ్రగతిలోనే పాడుతూ ఉండగా, డ్రమ్మరు రెండు మాత్రలకు ఒక దెబ్బ చొప్పున ఒకటి కిక్, ఒకటి స్నేర్ మార్చి మార్చి మామూలు రాక్ నడక వాయించాలి. 14 మాత్రలకు 7 దెబ్బలు పడతాయి కనుక మొదటి పాదం కిక్‌తో ఎత్తుకుంటే రెండో పాదం స్నేర్‌తో ఎత్తుకుంటుంది, మూడో పాదానికి మళ్లీ కిక్ దగ్గరికి వస్తుంది. వినేవాళ్లకు కాలు తట్టడానికి వీలుగానే ఉంటుంది, ఎక్కడో పట్టు జారినట్టూ ఉంటుంది. మా బ్యాండు కట్టిన పాటల్లో ఇప్పటికీ నాకు సిగ్గనిపించని పాట అలా కట్టినదే.

చరణం మెల్లగా, పల్లవి ఒక్కసారిగా బిగ్గరగా అన్నది ఈ సంగీతంలో బాగా అరిగిన దారి. 1986లో బోస్టన్‌లో మొదలైన పిక్సీస్ దాన్ని బలంగా వాడారు, వారి నుంచి నేర్చుకున్నానని కొబేన్ కూడా చెప్పుకున్నాడు. పది పాటల్లో మూడింటికి మించి ఆ దారిన పోవద్దు.

జముకుల కథ, తప్పెటగుళ్లు వంటి మన కళారూపాల వైపు చేయి చాస్తే ఆ కళాకారులను పిలిచి, డబ్బిచ్చి, పేరు వేయండి. ఊళ్లో వినిపించే పాట అంతా ‘సంప్రదాయం’ కాదు. దాన్ని కట్టినవారు పక్క ఊళ్లోనే బతికి ఉండవచ్చు, అడిగితే ఎవరిదో చెబుతారు.

వేదిక

విజయనగరంలో ఆనంద గజపతి ఆడిటోరియం, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్, ఆపైన ఇంజనీరింగు కాలేజీల వార్షికోత్సవాలు, అమ్మవార్ల సంబరాలు: మొదటి రెండేళ్లకు మనకు దొరికే వేదికలు ఇవే. కాలేజీల్లో సొంత పాటకు ఓర్పు ఉంటుంది. సంబరాల్లో ఆర్కెస్ట్రా వాళ్లకూ డాన్స్ బేబీ డాన్స్ వాళ్లకూ మధ్య మీకు అరగంట ఇస్తారు. మేము గొంతు చించుకొని పాడిన తరువాత కమిటీ పెద్దాయన ఒకరు దగ్గరికి వచ్చి, “పాట బాగానే ఉంది గానీ నాయనా, ఇది ఏ సినిమాలోదేటి?” అని అడిగారు. ఆ ప్రశ్నకు నొచ్చుకోకూడదు. “మాదేనండి” అని చెప్పి, పాట పేరు, బ్యాండు పేరు ఉన్న చీటీ చేతిలో పెట్టాలి. అరగంటలో జనానికి తెలిసిన బాణీ ఒకటి మీ పద్ధతిలో వాయించి, దాని వెనకనే ఆపకుండా సొంత పాట ఎత్తుకుంటే సగం మందైనా కూర్చునే ఉంటారు.

బయానా లేకుండా తేదీ ఒప్పుకోవద్దు. సగం ముందుగా, మిగతా సగం వేదిక ఎక్కేముందు అని ఫోనులో సందేశంగానైనా రాయించుకోండి. లౌడ్‌స్పీకరు అనుమతి నిర్వాహకులు తెచ్చారో లేదో అడగండి: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు; పండుగల వంటి సందర్భాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. మీ వంతు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది కనుక, పదింటికి మైకు కట్టేస్తే మిగతా డబ్బు ఇస్తారా అన్నది కూడా ముందే తేలాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కరెంటు. శ్రీకాకుళం జిల్లాలో ఒక సంబరంలో సౌండ్ మిక్సరును జనరేటరు మీద నడిపారు, మా గిటారు ఆంప్లిఫయరును గుడి గోడకున్న ప్లగ్గులో పెట్టాం. చేతిలో గిటారుతో మా గాయకుడు మైకుకు పెదవి ఆనించగానే వెనక్కి విరుచుకుపడ్డాడు. తరువాత మల్టీమీటరు పెట్టి చూస్తే తీగలకూ మైకు జాలీకీ మధ్య 90 వోల్టులు చూపింది. ఆ రోజు అతనికి పెదవి కాలడంతో పోయింది, ప్రాణమే పోయి ఉండవచ్చు. వేదిక మీది ఆంప్లిఫయర్లూ మిక్సరూ ఎర్తింగ్ ఉన్న ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. హమ్మింగు వస్తోందని మూడో పిన్ను విరిచేసే సౌండ్ కుర్రాడు కనబడితే అతణ్ని ఆపాలి. పాడే ముందు మల్టీమీటరు ఒక ముల్లు గిటారు తీగకు, ఒక ముల్లు మైకు జాలీకి ఆనించి, ఏసీ వోల్టులు సున్నాకు దగ్గరగా ఉన్నాయని చూసుకున్నాకే నోరు దగ్గరపెట్టాలి. మల్టీమీటరు గిటారు పెట్టెలోనే ఉండాలి.

రికార్డింగు, విడుదల, ప్రయాణం

నిర్వాణ మొదటి ఆల్బమ్‌కు సియాటిల్ స్టూడియో వేసిన బిల్లు 606 డాలర్ల 17 సెంట్లు, సుమారు 30 గంటల పనికి. ఆ సొమ్ము కట్టిన గిటారిస్టు జేసన్ ఎవర్‌మన్ ఆ రికార్డులో ఒక్క స్వరమూ వాయించలేదు, పేరు మాత్రం అట్ట మీద ఉంది. 30 గంటల్లో అయిందంటే స్టూడియోకు వెళ్లేముందే పాటలు చేతిలో ఉన్నాయని అర్థం. మనకు ఖరీదైన భాగం డ్రమ్ములు; విశాఖపట్నంలో ఒక్క రోజు గది తీసుకొని నాలుగు పాటల డ్రమ్ములు పూర్తిచేసి, బేసు, గిటారు, గొంతు ఇంట్లో రాత్రిపూట ఫ్యాను ఆపి రికార్డు చేసుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది. రికార్డు చేసిన శబ్దాల పాళ్లు సరిచేసే మిక్సింగును మాత్రం బ్యాండులో లేనివారి చేత చేయించండి, ఎందుకంటే మిక్సింగు చేసే గిటారిస్టుకు గిటారు ఎప్పుడూ చిన్నగానే వినిపిస్తుంది.

ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తించే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ సంకేతం ఉంటుంది; పంపిణీ సంస్థ ఇస్తుంది, దాన్ని పుస్తకంలో రాసి పెట్టుకోండి, సంస్థ మారినప్పుడు అదే సంకేతంతో మళ్లీ ఎక్కించాలి. పది పాటల్ని ఒకేసారి విడుదల చేయకుండా ఆరు వారాలకొకటి చొప్పున వదలడం మేలు. ఇంగ్లండు బ్యాండు రేడియోహెడ్ 2007లో తమ ఆల్బమ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టి, కొనేవారినే ధర నిర్ణయించుకోమన్నారని ఉదాహరణ చెప్పేవాళ్లు చాలామంది. అప్పటికి వాళ్లకు పదిహేనేళ్ల పేరు, పెద్ద కంపెనీ పెట్టిన ప్రచారం ఉన్నాయన్న సంగతి మరిచిపోతారు. సోషల్ మీడియా గురించి నాకంటే మీకే బాగా తెలుసు.

ప్రయాణానికి రైలు చౌక గానీ, శ్రీకాకుళం రోడ్ స్టేషను ఊళ్లో కాక ఆమదాలవలసలో ఉందని బయటి నుంచి వచ్చే డ్రమ్మరుకు ముందే చెప్పాలి. డ్రమ్ములతో దిగాక ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. టాటా ఏస్ ఒకటి మాట్లాడుకుంటే సామానూ మనుషులూ కలిసి వెళ్తారు.

ఉద్యోగాలు, పెళ్లిళ్లు

మూడో ఏడు దాటాక బ్యాండుకు గండాలు ఇవే. బ్యాంకు పరీక్షలు, హైటెక్ సిటీలో ఉద్యోగం, సంబంధాలు చూడడం మొదలైన ఇల్లు. సంవత్సరంలో ఏ నాలుగు నెలలు ప్రోగ్రాములు, ఏ రెండు నెలలు రికార్డింగు, ఎప్పుడు పూర్తిగా విరామం అన్నది సంక్రాంతి వెళ్లగానే కూర్చొని నిర్ణయించుకుంటే ఉద్యోగం చేసేవారు సెలవులు సర్దుకోగలరు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఎక్కడ ఉన్నవాళ్లయినా ఊరికి వస్తారు కనుక ఆ వారంలో ఒక ప్రదర్శన, రెండు రిహార్సళ్లు పెట్టుకోవచ్చు. దూరం వెళ్లినవారి స్థానంలో తాత్కాలికంగా వాయించేవారికి రోజు కూలీలాగా ఇంత అని ఇవ్వండి, వాటా మాట ఎత్తవద్దు. ఏడాది దాటి నిలిస్తే అప్పుడు కొత్త కాగితం రాసుకోవచ్చు.

ఆపవలసి వస్తే ఆపే పని కూడా ఒక రోజు పెట్టుకొని చేయాలి. నలుగురూ ఆ గదికే వచ్చి, సామాను జాబితా చదివి ఎవరివి వారికి ఇచ్చి, నిధిలో మిగిలినదాన్ని నాలుగు భాగాలు చేసి, అన్ని రికార్డింగుల అసలు ఫైళ్లను నాలుగు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి తలా ఒకటి తీసుకోవాలి. పాటల మీద ఇకపై వచ్చే సొమ్ము ఏ ఖాతాలో పడాలో, ఏటా ఏ నెలలో పంచుకోవాలో రాసి, గదిలో ఉన్న ఆ పాత ఫోను ఎవరి దగ్గర ఉంటుందో, దానికి రీఛార్జి ఎవరు చేయిస్తారో కింద చేర్చి సంతకాలు పెట్టండి.